తరువాత చదువవలసిన గ్రంథమేది? – టెక్కలి, సంతబొమ్మాళి ప్రాంతముల పఠనచరిత్ర

గ్రంథములను ఎవరు రచించిరి, ఎవరికి అంకితమిచ్చిరి, అవి ఎప్పుడు ముద్రితములైనవి అను విషయములను మన వాఙ్మయ చరిత్రకారులు విపులముగ చర్చించియున్నారు. చదువరి ఒక గ్రంథమును ముగించి మరియొకదానిని చేపట్టుటకు కారణమేమను ప్రశ్నపై మాత్రము వారి దృష్టి అంతగా ప్రసరింపలేదు. ఈ ప్రశ్నను శ్రీకాకుళము జిల్లాలోని సంతబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతమును ఆధారముగ గొని పరిశీలింప దలచితిమి. ఇది ఉప్పుమడులు, కొబ్బరి తోటలు, జీడితోటలు గల తీరభూమి. ముద్రణాలయములకు ప్రసిద్ధి కెక్కిన చోటు కాదు. పుస్తకము దూరమునుండి రావలసిన చోటనే పాఠకుని ఎన్నికలోని స్వాతంత్ర్య మెంతటిదో చక్కగ తేటపడును.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఈ ప్రాంతము గంజాము జిల్లాలోనిది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో జరిపించిన విచారణలో ఈ జిల్లాయందు 255 పాఠశాలలు లెక్కకు వచ్చినవి. పాఠ్యక్రమమును గూర్చి చక్కని వివరములు లభించునది బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదికయందు. రామాయణ, భారత, భాగవతములు అందరికి సామాన్యములనియు, శిల్పుల పిల్లలకు విశ్వకర్మ పురాణము, లింగధారుల పిల్లలకు బసవపురాణము వంటివి అదనముగ ఉండెడివనియు, వినోదమునకు పంచతంత్రము, బేతాళ పంచవింశతి వంటి కథలు చదివించెడివారనియు అందు గలదు. అనగా తరువాతి గ్రంథమును నిర్ణయించినది కులము, మతము, పంతులు. బాలుని రుచికి అందు తావు లేదు. పిల్లలు పద్యములను కోకొల్లలుగ వల్లించెదరే గాని అర్థ మెరుగరని కూడ కాంబెల్ వ్రాసెను. ఆయన దృష్టిలో పరాయి ప్రభువు చులకన కొంత లేకపోలేదు. అయినను ఈ మాట తరువాతి కాలమున మనవారి నోటనే వినవచ్చినది.

ఆ మాట గట్టిగ పలికినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన ఉపాధ్యాయులుగ నున్న పర్లాకిమిడికి 1900లో నౌపడా నుండి చిన్న రైలుమార్గము పడినది. నౌపడా నేటి సంతబొమ్మాళి మండలములోనిదే. వ్యావహారిక భాషావాదమును మనము సాధారణముగ వ్యాకరణ వివాదముగ చదువుకొందుము. మా అభిప్రాయమున దాని మూలము పాఠకుని రెండవ పుస్తకము. పాఠ్యగ్రంథమును గురువు సాయముతో గట్టెక్కిన బాలుడు, బడి వదలిన పిదప మరియొక గ్రంథమును తనంతట తాను విప్పి చదువుకొనలేనిచో అతనికి ఎన్నిక యన్నదే లేదు. ఎన్నికకు ముందు అర్థమగుట కావలెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పర్లాకిమిడి అటు చేరినది. టెక్కలి, నౌపడా ఇటు నిలిచినవి. పంతులుగారు రాజమహేంద్రవరమునకు తరలిరి. రైలు మాత్రము నౌపడా నుండి పర్లాకిమిడికి నడచుచునే యుండెను.

ఇంతకు ముందే వేరొక విధానము బయలుదేరినది. 1906లో హైదరాబాదున స్థాపితమై పిదప మద్రాసునకు మారిన విజ్ఞానచంద్రికా మండలి, చందాదారులను ముందుగ కూర్చుకొని గ్రంథములను పంపెడిది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము మొదట వచ్చినది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము క్రమముగ వచ్చినవి. చందాదారుడు ఎన్నుకొనినది గ్రంథమును కాదు, మండలిని. ఒక్కసారి మండలిని నమ్మినచో, తా నెన్నడు కోరని శాస్త్రగ్రంథము కూడ తపాలాలో ఇంటికి వచ్చి కూర్చుండును! కోరనిది చేతికి వచ్చుట చెరుపు కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆశించిన దదియే.

దీనికి పూర్తిగ వ్యతిరిక్తమైనది కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి మార్గము. ఆయన వేయి నవలలు వ్రాసిరని ప్రతీతి. చవుకగ అమ్ముడై రైలు ప్రయాణములలో చదువబడిన ఆ పుస్తకములను పండితులు ఈసడించిరి. మేము ఆ ఈసడింపులో పాలుగొనజాలము. ఒక నవలను ముగించి, ఇదే రచయితది మరియొకటి కలదా యని అడుగు అలవాటు మన దేశమున అనేకులకు అట్టి పుస్తకముల వలననే అబ్బినది.

పల్లెకు గ్రంథకర్త పేరు గ్రంథముకంటె ముందుగ చేరుటయు కలదు. 1940లో పలాసయందు జరిగిన అఖిలభారత కిసాన్ సభకు రాహుల్ సాంకృత్యాయనులు అధ్యక్షులుగ ఎన్నుకొనబడిరి. ఆయన తరువాత చెరసాలలో వ్రాసిన వోల్గా సే గంగాను చాగంటి తులసిగారు తెనిగించిరి. పండితుల సిఫారసు లేని చోట రైతుసభ సిఫారసు చేయగలదు.

గ్రంథాలయములను గూర్చి విస్తరముగ వ్రాయవలసిన పనిలేదు. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషి సుప్రసిద్ధము. అయితే 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టము, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము పాఠకుని ఎన్నికపై చూపిన ప్రభావము గమనింపదగినది. ప్రతి పాఠకునికి తన పుస్తకము, ప్రతి పుస్తకమునకు తన పాఠకుడు అని రంగనాథన్ గారు 1931లో సూత్రీకరించిరి. చట్టము వలన పన్ను వచ్చినది, శాఖలు వచ్చినవి. కాని పుస్తకములను ఎన్నుకొను అధికారము జిల్లా కేంద్రమునకు, అంతకు పైవారికి చేరినది. గ్రామ పాఠకుడు పంపబడిన వానిలో ఎన్నుకొనవలెను. అతడు చేయు పని గ్రంథపాలకు లందరు ఎరిగినదే: బీరువాల వంక చూడక, అప్పుడే ఇతరులు తిరిగి తెచ్చిన పుస్తకములున్న బల్ల యొద్దకు పోవును. ఒకరు చదివినదన్న నమ్మకము సూచికల కంటె బలమైనది.

కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము ఈ చరిత్రలో విలక్షణమైనది. ఒక కథ నచ్చిన పాఠకుడు అదే రచయితది రెండవ కథను కోరినచో, అది ఏ పాత పత్రిక సంచికలోనో మరుగుపడి యుండును. ఆ సంచికలను సేకరించి రచయితల వారీగ కథలను గుర్తించుటచే, మాస్టారు ఆ రెండవ కథను అందుబాటులోనికి తెచ్చిరి.

పరిశోధక విద్యార్థులకు ఇచ్చట ఒక పని మిగిలియున్నది. శాఖా గ్రంథాలయములలో పుస్తకములను ఇచ్చిన తేదీలు, పుచ్చుకొన్న పాఠకుల సంఖ్యలు వ్రాసెడి చిట్టాలలో ఒకే పాఠకుడు దేని తరువాత దేనిని కొనిపోయెనో వరుసగ కనిపించును. రచయితల జీవితములు ఎన్ని వెదకినను ఈ సమాచారము దొరకదు. పుస్తకము పోయినచో మరియొక ప్రతి ఎచ్చటనైన లభింపవచ్చును. చిట్టాకు రెండవ ప్రతి యుండదు. నిండిన చిట్టాలను పాతకాగితములుగ తీసివేయుట కార్యాలయములకు పరిపాటి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస చేరువ తీరమును దాటి ఉద్దానమును కూల్చినది. ఆ తీరమున కాగితము ఎంతకాలము నిలుచునో చెప్పలేము గనుక, ఉన్నవానికి నకళ్ళు వ్రాయుట ఈ యేటనే మొదలిడవలెను.