ఆడవాళ్ళూ – సైకిలూ



మగవాళ్ళ సైకిలుకు సీటు నుంచి హేండిలు దాకా ఒక కడ్డీ ఉంటుంది. లేడీస్ సైకిలుకు ఆ కడ్డీ ఉండదు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? "ఆడవాళ్ళ ఒంటికి అదే వీలు కాబోలు" అని ఊరుకుంటాం. నిజానికి ఆ కడ్డీ తీసేసింది మన ఒంటి కోసం కాదు, మన బట్టల కోసం. ఆ కథ 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మొదలైంది.

అప్పట్లో సైకిలుకు ముందు మనిషి గుండెల ఎత్తు చక్రం, వెనక ఒక బుల్లి చక్రం ఉండేవి. ఎక్కడమే గండం! 1885లో కొవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రోవర్ అనే కొత్త సైకిలు తయారు చేశాడు. రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తు. గొలుసుతో వెనక చక్రం తిరుగుతుంది. ఇవాళ మన వీధుల్లో తిరిగే సైకిళ్ళన్నీ దాని సంతానమే. 1888లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. దాంతో ఒళ్ళు హూనం కాకుండా సవారీ చేయడం వీలైంది.

ఇక ఆడవాళ్ళూ ఎక్కుతామన్నారు. కాని ఆనాటి దొరసానుల గౌన్లు నేలమీద జీరాడేవి. కడ్డీకి అడ్డం పడేవి, గొలుసులో చిక్కుకునేవి. అందుకని కడ్డీని కిందికి వంచారు, గొలుసుకు మూత పెట్టారు, వెనక చక్రానికి దారాలతో వల అల్లారు. బట్ట మారడానికి లోకం ఒప్పుకోక, సైకిలే మారిందన్నమాట! మన చీర కుచ్చెళ్ళకూ అదే పనికొచ్చిందనుకోండి.

కొందరు ధైర్యంచేసి బట్టలే మార్చారు. 1898లో లేడీ హార్బర్టన్ అనే పెద్దింటి ఆవిడ వదులు లాగు తొడుక్కుని సైకిలు మీద ఓక్‌హం గ్రామానికి వెళితే, అక్కడి హోటలు యజమానురాలు ఆవిణ్ణి కాఫీ గదిలోకి రానివ్వలేదు. మగవాళ్ళు కూర్చునే పక్క గదిలో తినమంది. సంగతి కోర్టుకు ఎక్కింది. 1899లో హోటలామె పక్షమే గెలిచింది.

డాక్టర్లు కూడా తక్కువ తినలేదు. సైకిలు తొక్కితే ఆడదాని మొహం బిగుసుకుపోయి అలాగే ఉండిపోతుందని కొందరు రాశారు. దానికి 'సైకిలు ముఖం' అని ఒక పేరు కూడా పెట్టారు. 1897లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళకు పూర్తి డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని ఓటింగు జరిగిన రోజున కుర్రకారు ఒక ఆడబొమ్మను చేసి వీధిలో వేలాడదీశారు. ఆ బొమ్మను దేనిమీద కూర్చోబెట్టారనుకున్నారు? సైకిలు మీద! చదువుకునే ఆడది, సైకిలెక్కే ఆడది వాళ్ళ కంటికి ఒకటే. ఆ రోజు డిగ్రీల ప్రతిపాదన ఓడిపోయింది. అక్కడ ఆడవాళ్ళకు పూర్తి డిగ్రీలు వచ్చేసరికి 1948 అయింది.

అమెరికాలో ఫ్రాన్సెస్ విలర్డ్ అని మద్యపానం మాన్పించడానికి పాటుపడిన నాయకురాలు ఉండేది. ఆవిడ సైకిలు నేర్చుకున్నది తన 53వ ఏట. రోజుకు పది ఇరవై నిమిషాల చొప్పున సుమారు మూడు నెలలు పట్టింది. తన సైకిలుకు గ్లాడిస్ అని ముద్దుపేరు కూడా పెట్టుకుంది. ఆ అనుభవం మీద 1895లో ఏకంగా ఒక పుస్తకమే వేసింది.

"దొరసానుల ముచ్చట్లు మనకెందుకు?" అంటారా? అయితే మన పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాకు వద్దాం. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. పాఠం చెప్పే ఆడవాళ్ళు ఊరూరూ తిరగాలి. బస్సులు అంతంతమాత్రం. ప్రతిసారీ ఏ అన్ననో, భర్తనో బతిమాలుకోవాలి. అందుకని చదువు నేర్పడంతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పారు. సైకిలు కొనుక్కోవడానికి బ్యాంకుల చేత అప్పులు ఇప్పించారు. కూలికి వెళ్ళేవాళ్ళు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళు, గ్రామ నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు అందరూ నేర్చుకున్నారు. వెకిలి మాటలు వినపడకపోలేదు. అయినా లక్షమందికి పైగా సైకిలెక్కారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు.

ఇక్కడే ఆ కడ్డీ సంగతి మళ్ళీ వచ్చింది. లేడీస్ సైకిళ్ళు దొరక్క చాలామంది మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. తీరా వాడి చూస్తే కొందరికి అవే నచ్చాయి. ఎందుకంటే ముందు కడ్డీ మీద పిల్లణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు! వెనక కారియరు మీద సరుకు, ముందు బిడ్డ. బస్సు కోసం గంటల తరబడి కాచుకోనక్కర్లేదు. నాలుగు ఊళ్ళు తిరిగి సరుకు అమ్ముకుని, పొద్దుగూకకముందే ఇల్లు చేరవచ్చు. వందేళ్ళనాడు ఆడవాళ్ళకు పనికిరాదని తీసేసిన కడ్డీని ఆ తల్లులు తమ పనికి వాడుకున్నారు.

ఇంచుమించు అదే కాలంలో మన నెల్లూరు జిల్లాలోనూ అక్షర ఉద్యమం నడిచింది. అక్కడ అక్షరం నేర్చిన దూబగుంట ఆడవాళ్ళు సారాయి మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. అక్షరం ఒకచోట సారా కొట్టు మూయించింది, ఒకచోట సైకిలెక్కించింది.

ఇక బీహారులో 2006లో తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చే పథకం పెట్టారు. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కగట్టి 2017లో ప్రచురించారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారట. ఆ లాభం ముఖ్యంగా హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరం ఉన్న ఊళ్ళలోనే కనిపించింది. అంటే ఆ పిల్లల్ని ఆపింది తెలివితక్కువతనం కాదు, దూరం.

మరి పట్నంలో ఉన్న మన సంగతి? కొడుకు సైకిలు అడిగితే కొనిపెడతాం. కూతురు అడిగితే "నాన్నగారు దింపుతారులే" అంటాం. లారీలూ, బస్సులూ తిరిగే రోడ్లంటే భయం ఉండటం సహజమే, కాదనను. కాని ఆ భయం కొడుకు విషయంలోనూ ఉండాలి కదండీ! ఇద్దరికీ ముందు ఖాళీ మైదానంలో, తరువాత రద్దీలేని సందుల్లో నేర్పించండి. సీటు కిందికి దింపి, రెండు పాదాలూ నేలకు ఆనేలా చూస్తే సగం భయం పోతుంది.

పిల్లతో పాటు మీరూ ఒక పావుగంట ప్రయత్నించండి. కూరలకు, మందులకు, లైబ్రరీకి వెళ్ళాలంటే "ఎవరు తీసుకెళ్తారు?" అని ఎదురుచూసే సమయం మన జీవితంలో ఎంత ఉందో ఒక్కసారి లెక్కవేసుకోండి. నేర్చుకోవడానికి విలర్డ్ గారికి 53 ఏళ్ళు అడ్డం రాలేదు. మనలో చాలామందికి ఇంకా అంత వయసు రానే లేదు. సెలవు.