ఎంబెడెడ్ లినక్స్ బిల్డ్ వ్యవస్థలు

ఎంబెడెడ్ లినక్స్ బిల్డ్ వ్యవస్థ అంటే రౌటరు, సెట్‌టాప్ బాక్సు, అరచేతిలో ఇమిడే సర్వరు వంటి పరికరాల్లోకి ఎక్కించే లినక్స్ ఇమేజ్‌ను తయారుచేసే సాఫ్ట్‌వేర్. బూట్‌లోడరు, కెర్నెలు, లైబ్రరీలు, అప్లికేషన్లు ఈ ఇమేజ్‌లో ఒకదానితో ఒకటి పొసగాలి. పరికరాల సామర్థ్యం తక్కువ కాబట్టి కోడ్‌ను సాధారణంగా వేరే కంప్యూటరులో క్రాస్ కంపైలర్‌తో కంపైల్ చేస్తారు. ఏ భాగంలో భద్రతా లోపం బయటపడినా ఇమేజ్‌ను మళ్లీ తయారుచేసి పరీక్షించాలి. అందుకే ఈ చరిత్రలో వ్యవస్థలను సృష్టించినవారితో పాటు ఏళ్ల తరబడి నిర్వహించినవారికీ సమాన స్థానం ఉంది.

తొలి దశ

1995లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ లినక్స్ ఇన్‌స్టాలేషన్ ఫ్లాపీలో పట్టేలా, ముఖ్యమైన ఆదేశాలను ఒకే చిన్న ప్రోగ్రాములో ఇమిడ్చే బిజీబాక్స్ రాయడం ప్రారంభించారు. తర్వాత వచ్చిన యూసీలిబ్‌సీ అనే చిన్న సీ లైబ్రరీని పరీక్షించేందుకు దాని డెవలపర్లు 2001లో బిల్డ్‌రూట్ అనే బిల్డ్ వ్యవస్థను మొదలుపెట్టారు. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు షరతుల వల్ల 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటరు కోడ్ బయటికొచ్చింది. దాని ఆధారంగా 2004లో రౌటర్ల కోసం పుట్టిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కూడా బిల్డ్‌రూట్ నుంచే ఎదిగింది.

వాడుక పెరిగినా బిల్డ్‌రూట్‌కు చాలాకాలం స్థిరమైన విడుదలలు లేవు. 2009 జనవరిలో పీటర్ కోర్స్‌గార్డ్ నిర్వహణ చేపట్టాక, 2009.02తో మొదలుపెట్టి మూడు నెలలకొక విడుదల రాసాగింది. 2017.02తో దీర్ఘకాలిక మద్దతుగల విడుదలలూ ఆరంభమయ్యాయి.

యోక్టో

షార్ప్ జారస్ చేతి కంప్యూటర్లపై జరిగిన కృషి నుంచి 2003లో ఓపెన్‌ఎంబెడెడ్ అనే మరో బిల్డ్ వ్యవస్థ రూపొందింది. ప్రతి ప్యాకేజీని ఎక్కడ తెచ్చుకోవాలో, ఎలా కంపైల్ చేయాలో చెప్పే ‘రెసిపీ’లను చదివి పనిచేసేది అందులోని బిట్‌బేక్ అనే సాధనం. ఓపెన్‌డ్‌హ్యాండ్ సంస్థ ఓపెన్‌ఎంబెడెడ్ ఆధారంగా పోకీ అనే బిల్డ్ వ్యవస్థను నిర్మించగా, 2008లో ఇంటెల్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. ఈ కృషికి కొనసాగింపుగా 2010లో లినక్స్ ఫౌండేషన్ యోక్టో ప్రాజెక్టును ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 3.1 (డన్‌ఫెల్) దీని తొలి దీర్ఘకాలిక మద్దతుగల విడుదల. మొదట రెండేళ్లు అనుకున్న నిర్వహణ గడువును తర్వాత నాలుగేళ్లకు పెంచారు.

తెలుగునాట

ఇలాంటి ఇమేజ్‌ల తయారీకి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఫ్రీడమ్‌బాక్స్ ఇంటి సర్వరు ప్రాజెక్టు. దీన్ని 2010లో న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ ప్రతిపాదించారు; దీని ప్రధాన డెవలపర్లలో సునీల్ మోహన్ అడప ఒకరు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ‘స్వేచ్ఛ’ తోడ్పాటుతో తెలంగాణ గ్రామాల్లో వైఫై సేవలకు దీన్ని వినియోగించారు. ఇంటర్‌ఫేస్ తెలుగులోనూ లభిస్తుంది.

ఫ్రీడమ్‌బాక్స్ ఇమేజ్‌లను ‘ఫ్రీడమ్ మేకర్’ అనే సాధనం తయారుచేస్తుంది. కోడ్ మొత్తాన్ని కంపైల్ చేయకుండా, డెబియన్‌లో సిద్ధంగా ఉన్న ప్యాకేజీలను కూర్చడం దీని పద్ధతి. బీగల్‌బోన్ బ్లాక్, ఒలినుక్సినో లైమ్2 వంటి ఒక్కో బోర్డుకు బూట్ విధానం వేరు కాబట్టి ఇమేజ్‌లు విడివిడిగా సిద్ధం చేయాలి. పరికరం వాడుకలోకి వచ్చాక భద్రతా నవీకరణలు డెబియన్ నుంచి వాటంతటవే చేరతాయి. నిపుణులు అందుబాటులో లేని పల్లెకు ఈ ఏర్పాటు ఎంతో అవసరం.

నిర్వహణ

నిర్వాహకులు కొత్త కెర్నెళ్లకు ప్యాచ్‌లను సరిచేస్తారు, లోపాల ప్రకటనలను గమనిస్తారు, లైసెన్సుల వివరాలు భద్రపరుస్తారు, ప్రతి మార్పునూ బోర్డులపై పరీక్షిస్తారు. 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య సైబర్ రెసిలియన్స్ చట్టం ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. ఆ ప్రకారం తయారీదారులు తమ ఉత్పత్తులకు సాధారణంగా కనీసం ఐదేళ్లు భద్రతా మద్దతు ఇవ్వాలి. ఇంతకాలం నిర్వాహకుల నిబద్ధతపై సాగిన పని దీంతో తయారీదారుల చట్టపరమైన బాధ్యతగా మారుతోంది.