పెట్టెలో పదమూడు ఎముకలు

1941 ఏప్రిల్. ఫిజీ దీవుల్లోని సువా. అక్కడి సెంట్రల్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ డాక్టర్ హూడ్‌లెస్ ముందు ఒక చెక్కపెట్టె ఉంది. అందులో ఎండకూ వానకూ శిథిలమైన పదమూడు ఎముకలు.

గిల్బర్ట్ దీవుల బ్రిటిష్ అధికారి గెరాల్డ్ గలాఘర్ పంపినవి అవి. ముందటి ఏడాది నికుమరోరో దీవిలో పనివాళ్లకు ఒక పుర్రె దొరికింది. గలాఘర్ వెతికిస్తే ఇంకొన్ని ఎముకలు, చెప్పు అడుగుముక్క, నావికులు వాడే సెక్స్టెంట్ పరికరం పెట్టె బయటపడ్డాయి. ఆయనకు వెంటనే అమీలియా ఇయర్‌హార్ట్ గుర్తొచ్చింది. 1937 జులై 2న లే నుంచి హౌలాండ్ దీవికి బయలుదేరి, నావిగేటర్ నూనన్‌తో పాటు ఆచూకీ లేకుండా పోయిన అమెరికన్ పైలట్.

హూడ్‌లెస్ మూడు ఎముకల పొడవు రాసుకున్నారు. దండచేతి ఎముక 32.4 సెంటీమీటర్లు, ముంజేతి ఎముక 24.5, మోకాలి కింది పెద్ద ఎముక 37.2. తీర్పు చెప్పేశారు: మగమనిషి, వయసు 45 నుంచి 55, ఎత్తు సుమారు 5 అడుగుల 5½ అంగుళాలు. ఇయర్‌హార్ట్ ఎత్తు పైలట్ లైసెన్సులో 5 అడుగుల 8 అంగుళాలు. దాంతో ఆ ఫైలు మూతపడింది.

ఆ ఎత్తు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. అప్పటికి వాడుకలో ఉన్నవి కార్ల్ పియర్సన్ 1899లో ఇచ్చిన సూత్రాలు. దండచేతి ఎముక పొడవును 2.894తో గుణించి 70.641 కలిపితే మగవాడి ఎత్తు వస్తుంది. 32.4కి లెక్క కడితే 164.4 సెంటీమీటర్లు. మోకాలి కింది ఎముకతో అయితే 167. డాక్టరుగారి అంకె ఈ రెంటి మధ్యే ఉంది. కానీ పియర్సన్ ఆధారం చేసుకున్నది ఫ్రాన్స్‌లో కొలిచిన వంద మృతదేహాలను, అదీ పందొమ్మిదో శతాబ్దంలో. పొడుగు కాళ్ల అమెరికన్ స్త్రీకి ఆ కొలబద్ద ఎంతవరకు వర్తిస్తుంది?

1952లో మిల్‌డ్రెడ్ ట్రాటర్, గోల్డీన్ గ్లెసర్ అమెరికన్ల ఎముకల మీద కొత్త సూత్రాలు కట్టారు. వారి శ్వేతజాతి స్త్రీల సూత్రంలో అదే దండచేతి ఎముకను 3.36తో గుణించి 57.97 కలిపితే 166.8 వస్తుంది. ముంజేతి ఎముకైతే 171, అంటే 5 అడుగుల 7 అంగుళాలు దాటింది. పైగా ఇలాంటి అంచనాలకు నాలుగు సెంటీమీటర్లకు పైగా అటూ ఇటూ తేడా ఉంటుందని వాళ్లే రాశారు. హూడ్‌లెస్ అంకెకూ ఆమె ఎత్తుకూ ఉన్న రెండున్నర అంగుళాల తేడాతో ఒక మనిషిని కొట్టిపారేయడం తొందరపాటే.

ఆ తర్వాత ఎముకలు కనిపించకుండా పోయాయి. డీఎన్ఏ చూద్దామన్నా ఏమీ మిగల్లేదు. హూడ్‌లెస్ కొలతల కాగితాలు మాత్రం 1990ల చివర్లో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. 2018లో మానవ శాస్త్రవేత్త రిచర్డ్ జాంట్జ్ ఆమె ఫొటోల నుంచి చేతి ఎముకల పొడవు, దాచి ఉంచిన ప్యాంటు కొలతల నుంచి కాలి ఎముక పొడవు అంచనా కట్టి పోల్చారు. తన దగ్గరున్న నమూనాలో 99 శాతం మంది కంటే ఆమే ఆ ఎముకలకు దగ్గరగా ఉందన్నారు. ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు. హూడ్‌లెస్ మాటే సరైనదని వాదించినవాళ్లూ ఉన్నారు.

నాకు మాత్రం ఆ డాక్టరు మీద గౌరవమే. తీర్పుతో సరిపెట్టకుండా ఆ మూడు అంకెలూ కాగితం మీద పెట్టారు కాబట్టే, ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆయనతో వాదించడం సాధ్యమవుతోంది.