ఒక పౌండు గింజల మజ్దూరీ

తుపానుకి తారీఖు ఉంటుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చిందని కోస్తాలో ఎవర్నడిగినా చెప్తారు. మా అనంతపురం కరువుకి ఆ సౌకర్యం లేదు. వేరుశనగ విత్తాక వాన రాకపోతే ఇంకో వారం చూద్దామంటారు. ఆ వారమూ పోతుంది. ఏ రోజు నుంచి కరువని రాసుకోవాలో రైతుకే తెలియనప్పుడు, కచేరీలో కూర్చున్న సర్కారుకి తెలియలేదంటే ఆశ్చర్యమేముంది? అందుకే ఈ నేల మీద హుకూమత్ ముందుగా చేయాల్సిన పని, కరువొచ్చిందని ఒప్పుకోవడం. మిగతా ఇమ్దాదంతా దాని తర్వాతే.

ఉర్దూలో కరువుని ఖహత్ అంటాం. మా ఉర్దూ మీడియం బడిలో ఆ మాట వచ్చిందంటే ఉస్తాద్ గారు హజ్రత్ ఉమర్ (రజి.) కాలం దగ్గరికి వెళ్ళేవారు. హిజ్రీ 18లో అరేబియాలో పెద్ద ఖహత్ వచ్చింది. గాలికి బూడిదలా దుమ్ము లేచేదని దానికి ఆముర్రమాదా, అంటే బూడిద సంవత్సరం అని పేరు. ఖలీఫా బయటి సూబాల నుంచి ధాన్యం తెప్పించారు, జకాత్ వసూలు వాయిదా వేశారు, రియాయాకి దొరికే దాకా తాను నెయ్యి ముట్టనన్నారు. చిన్నప్పుడు మాకు నెయ్యి సంగతే గొప్పగా అనిపించేది. పత్రికలో చేరి కరువు వార్తలు రాయడం మొదలుపెట్టాక గానీ వసూలు వాయిదా ఎంత పెద్ద నిర్ణయమో అర్థం కాలేదు.

మన దగ్గర 1876లో వానలు మోసం చేశాయి. అది ధాత నామ సంవత్సరం, అందుకే జనం ధాత కరువన్నారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. గుత్తి, పెనుకొండ, ధర్మవరం అన్నీ బళ్ళారి కలెక్టరు కింద ఉండేవి. గ్రామ మునసబు, కరణం రాసింది తహసీల్దారుకి, తహసీల్దారు రాసింది కలెక్టరుకి, అక్కడి నుంచి మద్రాసుకి పోవాలి. ఆ ఏడాది చివరికే జిల్లాలో రోడ్డు పనులు, చెరువు పనులు తెరిచారు. జనం వేలల్లో వచ్చి పడ్డారు. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ధాన్యం కొనిపించాడు. బజారులో సర్కారు వేలు పెట్టకూడదని వైస్రాయ్ లిట్టన్‌కి కోపమొచ్చింది. ఆయన ఢిల్లీలో విక్టోరియా రాణిని హిందూస్తాన్‌కి మహారాణిగా ప్రకటించే దర్బారు హడావిడిలో ఉన్నాడు. ఆ దర్బారు జరిగింది 1877 జనవరి 1న. ఏ దస్తర్‌ఖాన్ మీద ఏం వడ్డించారో నేను రాయను, మీరే ఊహించుకోండి.

ఖర్చు తగ్గించమని లిట్టన్ పంపిన మనిషి సర్ రిచర్డ్ టెంపుల్. ఈయన కథ విచిత్రం. 1874లో బీహార్ కరువప్పుడు బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. చావులు తక్కువ, ఖర్చు ఎక్కువ. ప్రాణాలు కాపాడినందుకే ఆయనకి దుబారా మనిషని బద్నామ్ వచ్చింది. ఆ మచ్చ కడుక్కోవడానికి మన దగ్గరికి వచ్చాడేమో అనిపిస్తుంది. రోజంతా రాళ్ళు కొట్టిన మగవాడికి ఒక పౌండు ధాన్యం, పైన కొద్దిగా చిల్లర చాలన్నాడు. పౌండంటే సుమారు 450 గ్రాములు. ఆడవాళ్ళకి, పిల్లలకి ఇంకా తక్కువ. అది కూడా ఇల్లూవాకిలీ వదిలి దూరంగా ఉన్న క్యాంపుకి నడిచి వెళ్తేనే.

దీని మీద ఎదురు తిరిగింది మద్రాసు సర్కారులోని ఒక డాక్టరే. శానిటరీ కమిషనర్ కార్నిష్, పని చేసే ఇన్సాన్ ఆ తిండితో బతకడని లెక్కలతో వాదించాడు. పౌండున్నర గింజలు, పప్పు, కూరగాయలు ఉండాలన్నాడు. ఆ ఏడాదే మద్రాసు వాళ్ళు మజ్దూరీ కొంత పెంచారు. అప్పటికే క్యాంపుల్లో కలరా చొరబడింది. 1877 చివర్లో వానలు పడ్డాయి గానీ, బలం లేని ఒళ్ళకి వానతో జ్వరాలొచ్చాయి. మొత్తం దేశంలో చావులు ఎంత తగ్గించి లెక్క వేసినా 50 లక్షలు దాటతాయి. మన ప్రాంతంలో 1871 జనాభాకీ 1881 జనాభాకీ మధ్య సుమారు ఐదో వంతు మనుషులు తగ్గారు.

తర్వాత కాగితాల పని చురుగ్గా జరిగింది. 1880లో ఫామిన్ కమిషన్ నివేదిక, 1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా, 1883లో ఫామిన్ కోడ్. ఎద్దులు, విత్తనాలు కొనుక్కోవడానికీ, బావులు తవ్వుకోవడానికీ అప్పులిచ్చే చట్టాలు 1883, 1884లలో వచ్చాయి. రైతులు వాటిని తక్కావీ అన్నారు. తఖ్వియత్ అంటే బలమివ్వడం. చచ్చిన ఎద్దు స్థానంలో ఇంకో ఎద్దు వస్తేనే బలం కాబట్టి మాట సరిగ్గానే కుదిరింది, వడ్డీ సంగతి పక్కన పెడితే.

ఫామిన్ కోడ్‌ని నేను తక్కువ చేయను. కరువు రాకముందే పనుల జాబితా సిద్ధంగా ఉంచుకోమని కలెక్టరుకి చెప్పింది. ధరలు పెరగడం, అప్పు పుట్టకపోవడం, జనం ఊళ్ళు వదలడం, దొంగతనాలు ఎక్కువవడం లాంటి నిషానీలు కనిపెట్టమంది. అయితే అందులో టెస్ట్ వర్క్ అని ఒకటుంది. తక్కువ కూలికి కష్టమైన పని తెరవాలి. జనం వస్తే కరువు నిజం, రాకపోతే అబద్ధం. ఆకలిగొన్న వాడికి ఇమ్తిహాన్ అన్నమాట! ఖైరాత్ ఇవ్వడం ఇష్టం లేక పెట్టిన ఇమ్తిహాన్.

ఇప్పుడు 2006 ఫిబ్రవరి 2కి రండి. జిల్లాలో నార్పల మండలం బండ్లపల్లి. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదటగా ఇక్కడే ప్రారంభించారు. ఆ చట్టాన్ని టెంపుల్ నియమాల పక్కన పెట్టి చదవండి. పని ఊరికి ఐదు కిలోమీటర్ల లోపు ఇవ్వాలి, దూరమైతే కూలి పదో వంతు పెంచాలి. పని దగ్గర నీడ, తాగే నీళ్ళు ఉండాలి. పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలి. ఆ చట్టంలో ఏడాదికి ఇంటికి వంద రోజులు ఉండేవి. కరువు మండలమని ఎవరో ప్రకటించే దాకా ఆగక్కర్లేదు, అడిగితే చాలు. హఖ్ అని మేము అనేది, మీరు హక్కు అనేది, రెండూ ఒకే అరబీ మాట.

అయినా మా జిల్లాలో చాలామంది దాన్ని ఉపాధి హామీ అనలేదు. 'కరువు పని' అన్నారు. ధాత కరువు ఎప్పటిదో తెలియని వాళ్ళ నోట కూడా అదే మాట. అధికారులు ఎన్ని బోర్డులు రాయించినా మారలేదు. నాకు ఇది అజ్ఞానమనిపించదు. చట్టం మారినా కొలత టేపు మారలేదు కదా. మే నెలలో సేద్యపు కుంట తవ్వుతుంటే గడ్డపారకి రాయి తగులుతుంది. ఎంత మట్టి తీశారో కొలిచి కూలి కడతారు. పూర్తి కూలి పడిందో లేదో బ్యాంకులో తెలుస్తుంది, ఎప్పుడు పడుతుందో బ్యాంకుకీ తెలియదు. అది పడే దాకా ఆగలేని వాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు. మస్టర్‌లో వాళ్ళ పేరు పక్కన గైర్‌హాజర్ పడుతుంది.