నల్లమల చెంచు కుటుంబం: స్త్రీ పురుషుల పాత్రలను మలచిన పని, చట్టం, పట్టా

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాలకు పడమటి ఎల్లగా నిలిచిన నల్లమల కొండలలో తరతరాలుగా జీవిస్తున్న చెంచుల చరిత్రను పరిశీలిస్తే, స్త్రీ చేయవలసిన పని ఇది, పురుషుడు చేయవలసిన పని ఇది అన్న విభజన పుట్టుకతో స్థిరపడేది కాదని, జీవనోపాధి, నివాస పద్ధతి, రాజ్యం చేసే చట్టాలు కలిసి దానిని తరానికొక తీరున మలుస్తాయని స్పష్టమవుతుంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలో భాగంగా ఉండేది. యర్రగొండపాలెం మండలంలోని పాలుట్ల, దోర్నాల మండలంలోని చింతల వంటి గూడేలు నేటికీ అడవి లోపలే ఉన్నాయి.

చెంచుల పాత జీవనం వేట, సేకరణల మీద ఆధారపడింది. నేలను దున్ని పంట పండించడానికి బదులు, అడవిలో దొరికే గడ్డలు, పండ్లు, ఆకులు, తేనె, జంతువుల మాంసంతో రోజు గడుపుకునే పద్ధతి ఇది. ఇందులో విల్లంబులు పట్టి వేటాడటం, కొండచరియలకు వేలాడే తేనెపట్టులను దించడం పురుషుల పనులుగా ఉండగా, ఇనుప మొన తొడిగిన కర్రతో గడ్డలు తవ్వడం, పండ్లు ఏరడం ప్రధానంగా స్త్రీల పనులుగా ఉన్నా, గడ్డలు తవ్వడానికి పురుషులు కూడా వెళ్లేవారు. వేట ఫలించని రోజులు ఉంటాయి కనుక కుటుంబం కడుపు నింపే భారం ఎక్కువగా సేకరణ మీదే పడేది. తిండి సంపాదించే చేయి తనదే అయినప్పుడు స్త్రీ మాటకు ఇంట్లో విలువ ఉండటం సహజం.

కృష్ణానదికి ఉత్తరాన, నాటి నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో 1940లో చెంచుల మధ్య పరిశోధన చేసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, 1943లో ప్రచురించిన గ్రంథంలో, చెంచు భార్యాభర్తలు దాదాపు సమాన స్థాయిలో మెలిగే జంటగా ఉంటారని నమోదు చేశాడు. ఒకే ఇంటిపేరు గలవారు పెళ్లాడరాదన్న నియమం గట్టిగా ఉన్నా, పెళ్లి తరువాత జంట భర్త బంధువుల దగ్గరే ఉండాలన్న నిర్బంధం లేదు. భార్య పుట్టింటివారి గుంపుతో కలిసి బతకడానికీ వీలుండేది. పొసగని కాపురం నుంచి విడిపోవడానికి, భర్త మరణించిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవడానికి సమాజం అడ్డు చెప్పేది కాదు. పుట్టింటి అండ దూరం కాని స్త్రీకి అత్తింట అణిగి ఉండవలసిన అవసరం తక్కువ. వేటను, అడవి ఫలాలను ప్రసాదించే దేవతగా అమ్రాబాద్ చెంచులు కొలిచే గారెలమైసమ్మ స్త్రీ దేవత కావడం, అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి తమకు అల్లుడయ్యాడని చెంచులు నమ్మడం కూడా ఈ సందర్భంలో గమనించదగినవి. అయితే వేట అనే గౌరవప్రదమైన పని పురుషులకే పరిమితమైందనీ, తగవులు తీర్చే పెద్దమనుషులు మగవారేననీ మరచిపోయి ఆ సమాజాన్ని సంపూర్ణ సమానత్వానికి నమూనాగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు.

ఈ పొందికను బయటినుంచి వచ్చిన చట్టాలు కదిలించాయి. కృష్ణకు దక్షిణాన ఉన్న ఈ ప్రాంతంలో 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని రిజర్వు చేసి, అంటే ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించి ప్రజల వాడకాన్ని అనుమతులకు లోబరచి, చెంచుల రాకపోకలకు హద్దులు గీసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరంగా మార్చింది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతం 1983లో పులుల సంరక్షణ కేంద్రమైంది. దీని ప్రభావం స్త్రీ పురుషులపై ఒకే విధంగా పడలేదు. తపసి బంక, తేనె వంటి అటవీ ఫలసాయాన్ని 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేయడం వల్ల సేకరణ ఏదో ఒక రూపంలో నిలిచింది. వేటగాడిగా తన గుర్తింపును నిర్మించుకున్న పురుషుడు మాత్రం ఆ గుర్తింపునే కోల్పోయాడు. అతనికి దొరికిన ప్రత్యామ్నాయం కూలిపని, లేదా అడవిని కాపలా కాసే ఉద్యోగం. ఈ రెండింటిలోనూ ప్రతిఫలం నగదుగా, నేరుగా అతని చేతికే వచ్చేది. కుటుంబానికి తిండి తెచ్చే స్త్రీ శ్రమకు లెక్క లేకపోగా, నగదు తెచ్చేవాడే ఇంటి యజమాని అన్న మైదాన ప్రాంతపు భావన గూడేలకు చేరడానికి ఇది దారి తీసింది.

ఇంటి యజమాని ఎవరన్న ప్రశ్నకు ప్రభుత్వ కాగితం ఇచ్చే జవాబు సామాన్యమైనది కాదు. పట్టాలోనూ కార్డులోనూ ఎవరి పేరు రాస్తే అధికారులు వారినే పిలుస్తారు, వారి సంతకాన్నే అడుగుతారు, కొంతకాలానికి కుటుంబం కూడా ఆ క్రమాన్నే సహజమని నమ్మడం మొదలుపెడుతుంది. ఈ ధోరణిని తిప్పగల అవకాశాన్ని రెండు చట్టాలు కల్పించాయి: వివాహితులకు ఇచ్చే అటవీ హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరా నమోదు కావాలని 2006 అటవీ హక్కుల చట్టం నిర్దేశించగా, పద్దెనిమిదేళ్లు నిండిన మహిళలలో పెద్దామెనే రేషన్ కార్డు జారీకి కుటుంబ యజమానిగా గుర్తించాలని 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం చెప్పింది.

ఒక శతాబ్దానికి పైబడిన కాలంలో ఇన్ని మార్పులు చూసిన చెంచు కుటుంబం, పురుషత్వం, స్త్రీత్వం అన్నవి సమాజం చేసే ఏర్పాట్లేనని నిరూపిస్తున్నది. అడవి ఇచ్చిన సమానతను చట్టం తగ్గించగలిగినట్లే, చట్టం దానిని తిరిగి బలపరచనూ గలదు. కాబట్టి ఈ ప్రాంతంలోని గూడేలకు ఇళ్లు, భూములు, ఉపాధి పథకాలు రూపొందించేవారు చెంచు స్త్రీకి కొత్తగా హక్కు ప్రసాదిస్తున్నామని భావించడం చారిత్రకంగా పొరపాటు. ఆమె తన శ్రమతో పూర్వం అనుభవించిన స్థానాన్ని కాగితాలలో గుర్తించడం వారి కర్తవ్యం.