రక్తనాళాల మీద మోపిన నింద

పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) నాడీమండలంలో పుడుతుందని ఎడ్వర్డ్ లివింగ్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1873లోనే పుస్తకం రాశాడు. తుఫానులా రేగి, తనంతట తానే చల్లారే నాడీ సంక్షోభం అది అని ఆయన నమ్మకం. ఇరవయ్యో శతాబ్దంలో వైద్యలోకం ఆ మాటను పక్కన పెట్టడానికి ఒక మందు కారణమైంది. రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ బూజు నుంచి 1918లో స్విట్జర్లాండ్‌లోని శాండోజ్ కంపెనీలో ఆర్థర్ స్టోల్ ఎర్గోటమిన్‌ను వేరుచేశాడు. అది రక్తనాళాలను బిగిస్తుంది, పార్శ్వపు నొప్పినీ తగ్గిస్తుంది. 1938లో అమెరికాలో గ్రాహం, వుల్ఫ్ అనే వైద్యులు ఈ మందు ఎక్కించి, రోగుల కణత ధమని కొట్టుకునే తీరును నమోదు చేశారు. ఆ కొట్టుకోవడం బలహీనపడినకొద్దీ నొప్పీ తగ్గింది. దాంతో నాళాలు ఉబ్బడమే జబ్బన్న సిద్ధాంతం దశాబ్దాలపాటు పాతుకుపోయింది. మందు పనిచేసే తీరు జబ్బు పుట్టుకకు సాక్ష్యం కాదు. సాక్ష్యమనుకోవడమే అసలు తప్పని నా వాదన.

నిజానికి ఎదురు సాక్ష్యాలు అప్పుడే ఉన్నాయి. పార్శ్వపు నొప్పిలో భాగంగా తన కళ్లెదుట పాకే మెరుపు వంకీలను గీసుకున్న మనోవిజ్ఞాని లాష్లీ, మెదడు మీద ఏదో అలజడి నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున కదులుతోందని 1941లో లెక్కగట్టాడు. 1944లో లెయావో అనే శాస్త్రవేత్త కుందేలు మెదడులో దాదాపు అదే వేగంతో పాకే విద్యుత్ స్తబ్ధతను చూశాడు. ఈ రెంటినీ కలిపి చూడటానికి చాలా కాలం పట్టింది. 1990లో కోపెన్‌హేగెన్‌లో ఒలెసెన్ బృందం మెదడు రక్తప్రవాహాన్ని కొలిస్తే, ప్రవాహం ఇంకా తగ్గి ఉండగానే నొప్పి మొదలైంది. అదే ఏడాది గోడ్స్‌బీ, ఎడ్విన్‌సన్ నొప్పి నడుస్తుండగా రోగుల మెడ సిరలోంచి తీసిన రక్తంలో సీజీఆర్‌పీ అనే రసాయనం పెరిగిందని చూపారు. తల, ముఖం నొప్పిని మోసే ట్రైజెమినల్ నాడి కొసలు విడుదల చేసే ఆ రసాయనమే నాళాలనూ ఉబ్బిస్తుంది. అంటే ఉబ్బు ఫలితమే తప్ప మూలం కాదు.

నాళాల సిద్ధాంతమే లేకపోతే 1991లో సుమాట్రిప్టాన్ అనే మందు వచ్చేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాళాలను బిగించే ఉద్దేశంతోనే గ్లాక్సో కంపెనీలో హంఫ్రీ బృందం దాన్ని తయారుచేసింది, ఎందరికో ఉపశమనం దొరికింది. కానీ ఆ కోవ మందులైన ట్రిప్టాన్లు పట్టుకునే సెరటోనిన్ గ్రాహకాలు నాళాల గోడల మీదే కాదు, నాడుల కొసల మీదా ఉన్నాయి. సుమాట్రిప్టాన్ ఇస్తే సీజీఆర్‌పీ కూడా దిగివస్తుందని 1993లో తేలింది. పాత సిద్ధాంతానికి మూల్యం చెల్లించింది గుండెజబ్బు ఉన్న రోగులు. నాళాలను బిగిస్తాయి కనుక వారికి ట్రిప్టాన్లు ఇవ్వకూడదు. నాళాలను బిగించకుండానే నొప్పి తగ్గించే లాస్మిడిటాన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2019లో.