విడుదల కాని పాట, మొదలుకాని గడువు: ఉత్తర తెలంగాణ రికార్డింగులూ కాపీరైటు చట్టమూ

2022 ఫిబ్రవరిలో ‘సర్కారు వారి పాట’ సినిమాలోని ‘కళావతి’ పాట ముహూర్తానికి ముందే బయటికి పొక్కింది. 14న రావాల్సిన పాటను నిర్మాతలు 13నే విడుదల చేశారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ‘గేమ్ ఛేంజర్’లోని ‘జరగండి’ లీకైంది. నిర్మాణ సంస్థ ఫిర్యాదు చేయగా నవంబరులో ఇద్దరు అరెస్టయ్యారు. అసలు పాట మాత్రం 2024 మార్చి 27న గానీ రాలేదు. లీకు అంటే మన పత్రికలకు ఇదే. ఇలాంటి వాటికి 1957 నాటి కాపీరైటు చట్టం బాగానే సరిపోతుంది. ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పోలీసులు వారంటు లేకుండానే పట్టుకోదగిన నేరమిదని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బూ వకీలూ ఉన్న యజమానికి ఆసరా ఉన్నట్టే.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ‘విడుదల కాని పాట’ అంటే ఇది కాదు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి ఒగ్గు కథకులు చెప్పిన కథ ఒక రాత్రి చెప్పినట్టు మరో రాత్రి ఉండదు. ఆదిలాబాద్ గోండుల పక్షాన వారి వంశగాథలను కింగ్రీ వాద్యం మీద పాడే ప్రధాన్లు, తోటీలు తమ ఇష్టం వచ్చిన చోట, ఇష్టం వచ్చినప్పుడు పాడేవారు కారు. వంశం వారి దేవతకు పూజ జరిగే సందర్భమే ఆ గాథకు వేదిక. మార్లవాయిలో ఉండి పరిశోధించిన హైమెన్‌డార్ఫ్ 1948లో అచ్చయిన ‘ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’లో ఈ గాథలకూ గాయకులకూ పెద్ద చోటే ఇచ్చాడు. ఆయన తర్వాత టేప్ రికార్డర్లు వచ్చాయి, క్యాసెట్లు వచ్చాయి, ఇప్పుడు ప్రతి చేతిలో సెల్‌ఫోను. పరిశోధకుడి బీరువాలోనో, విశ్వవిద్యాలయం అలమరలోనో ఉండిపోయిన టేపు చట్టం కళ్లకు ఏమిటి? ఈ వ్యాసం అడుగుతున్నది అదే.

గాథకు కర్త ఎవరో తెలియదు. కాబట్టి కథలో, బాణీలో కాపీరైటు నిలవడం కష్టం. ధ్వనిముద్రణ సంగతి వేరు. దానికి కర్త ‘నిర్మాత’, అంటే రికార్డు చేసే పనికి చొరవ తీసుకుని బాధ్యత వహించిన వ్యక్తి. రాత్రంతా గొంతు చించుకున్న ప్రధాన్ కాదు, మైకు పట్టుకున్నవాడు. ఇక సెక్షన్ 27 చూడండి: ధ్వనిముద్రణపై హక్కు, అది తొలిసారి ప్రచురితమైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. ప్రచురితమే కాకపోతే? లెక్క మొదలే కాదు. రేడియోలో వచ్చిన పాట ప్రజలకు చేరినట్టే, దాని గడువు నడుస్తుంది. అలమరలో పడి ఉన్న దానికి అంతం లేదు.

గాయకుడి హక్కు లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. ప్రదర్శకుల హక్కు మన చట్టంలోకి వచ్చిందే 1994 సవరణతో, అమలు 1995 మే నుంచి. సెక్షన్ 38 ప్రకారం అది ప్రదర్శన జరిగిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 50 ఏళ్లు. టేపు బయటికి వచ్చిందా లేదా అన్నది దానికి అక్కరలేదు. ఉట్నూరు ప్రాంతంలో 1996లో ఒక గాథ రికార్డయిందనుకుందాం. పాడినవాడి హక్కు 2046 చివర తీరిపోతుంది. రికార్డు చేసినవాడు టేపును దాచుకుంటే 2046లోనూ అతని 60 ఏళ్లు మొదలై ఉండవు. దాచిపెట్టినంత కాలం దాచినవాడికే లాభం. చట్టం చేసినవారు దీన్ని కోరుకున్నారని నేననుకోను. స్టూడియో పాటను దృష్టిలో పెట్టుకుని రాసిన నియమం గూడెం పాట మీద పడ్డప్పుడు ఇలా తేలింది.

ఇక్కడే లీకు ప్రశ్న అసలు రంగులో కనిపిస్తుంది. పాడినవాడి మనవడు ఎలాగో ఆ టేపు నకలు సంపాదించి యూట్యూబులో పెట్టాడనుకుందాం. సెక్షన్ 4 ప్రకారం యజమాని అనుమతి లేని ప్రచురణ ప్రచురణ కిందికి రాదు, ఉల్లంఘన విషయంలో తప్ప. లక్షమంది విన్నా ఆ టేపు చట్టం లెక్కలో విడుదల కానట్టే. మనవడు మాత్రం ఉల్లంఘించినట్టే. రెండువైపులా కోసే ఈ వాక్యం సినిమా నిర్మాతకు న్యాయం, మనవడికి అన్యాయం. అయితే మనవడి చేతిలో ఒక ఆయుధముంది: తాత బతికి ఉన్నా లేకున్నా, 1995 తర్వాతి ప్రదర్శన అయితే, తాత ఒప్పుకోలు లేకుండా ఆ రికార్డును ప్రజలకు అందించే హక్కు పరిశోధకుడికీ లేదు. ఇద్దరి చేతుల్లోనూ చెరో తాళం చెవి ఉన్న పెట్టె ఇది.

ఊళ్లల్లో తీసే యూట్యూబు జానపదాల స్థితి వేరు. పాట రాసినవారు, బాణీ కట్టినవారు, ట్రాక్ పాడినవారు, మిక్సింగ్ చేసినవారు, వీడియో ఎడిట్ చేసినవారు – ఇందరి దగ్గర నకలుంటుంది, కాగితం మాత్రం ఉండదు. సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో లేని హక్కుల బదలాయింపు చెల్లదు. లీకైన రోజున ‘ఇది నాది’ అని రుజువు చేయలేక ఫిర్యాదుదారే చిక్కుల్లో పడతాడు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో వచ్చిన ‘సారంగ దరియా’ మీద వరంగల్ ప్రాంతపు గాయని ఒకరు తాను వెలికితెచ్చిన పాటకు తగిన గుర్తింపు రాలేదన్నప్పుడు జరిగిన చర్చంతా ఈ కాగితంలేనితనం చుట్టూనే తిరిగింది.

ప్రతి పంపకమూ దొంగతనమేననడం మాత్రం ఈ నేలకు నప్పదు. మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం లింగాపూర్‌కు చెందిన గూడ అంజయ్య పాటలు అనుమతి పత్రాలతో ఊరూరూ తిరగలేదు. నోటి నుంచి నోటికి పాకడమే వాటి విడుదల. ఆయన 2016లో కన్నుమూశారు; బతికుండగా వెలువడిన ఆయన పాటలపై హక్కు చట్ట ప్రకారం 2076 చివరి దాకా ఉంటుంది. పాడుకున్నవాళ్లను ఎవరూ కోర్టుకీడ్చలేదు. ఈడ్చితే ఆ పాట చచ్చిపోయేది.

పరిశోధకుడికి చట్టం ఇచ్చిన వెసులుబాటు కూడా సగమే. సెక్షన్ 52(1)(పి) గ్రంథాలయంలో, మ్యూజియంలో ఉన్న అప్రచురిత సాహిత్య, నాటక, సంగీత కృతులను పరిశోధన కోసం నకలు తీసుకోనిస్తుంది. ఆ వరుసలో ధ్వనిముద్రణ పేరు లేదు. యజమాని జాడ తెలియకపోతే సెక్షన్ 31ఎ కింద న్యాయస్థానం నుంచి లైసెన్సు అడగవచ్చు, కానీ ముందు దేశంలో అధిక భాగంలో చదివే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి. గోండి గాథ వారసుణ్ని ఇంగ్లీషు పత్రికలో వెతకడమన్నమాట!

సెక్షన్ 21 కింద తన హక్కును వదులుకుంటున్నానని రికార్డు చేసినవాడు ప్రకటించవచ్చు. అది మంచి దారిలా కనిపిస్తుంది గానీ, వదిలిన పాట అందరి సొత్తవుతుంది. వంశ పూజలో తప్ప వినిపించకూడని గాథ రేపు పెళ్లి బరాత్‌లో డీజే బాక్సుల మీద మోగవచ్చు. అందుకని వదులుకోవడం కన్నా సెక్షన్ 18, 19 కింద సంతకంతో వంశపు సంఘానికో, గూడెం పేర రిజిస్టరైన సొసైటీకో బదలాయించడమే మేలని నా అభిప్రాయం. ఏ భాగం ఎవరు వినవచ్చో, ఎప్పుడు వినవచ్చో ఆ పత్రంలోనే రాసుకోవాలి. పాడినవారి ఒప్పుకోలు దానికి జతచేయాలి. ఇందుకు చట్ట సవరణ అక్కరలేదు, టేపులున్న సంస్థలు అలమర తెరిస్తే చాలు.